సందేశం ఒకటి, అర్థాలు అనేకం: వ్యవసాయ విస్తరణలో సంస్కృతి, సందర్భాల ప్రభావం

ఉపోద్ఘాతం

పరిశోధన కేంద్రంలో రూపొందిన సిఫార్సు రైతుకు చేరడం ఒక దశ. చేరిన సిఫార్సు అతనికి అర్థం కావడం మరొక దశ. కరపత్రాలు, ఆకాశవాణి ప్రసారాలు, రైతు సదస్సులు, సెల్‌ఫోన్ సందేశాలు మొదటి దశకు సాధనాలు. ఎన్ని కరపత్రాలు పంచారు, ఎన్ని సదస్సులు నిర్వహించారు, ఎందరికి సందేశాలు పంపారు అన్న లెక్కలు విస్తరణ నివేదికలలో క్రమం తప్పకుండా కనిపిస్తాయి. వాటిని అందుకున్నవారు ఏమని గ్రహించారన్న లెక్క మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

సిఫార్సు ఆచరణలోకి రానప్పుడు నిరక్షరాస్యతను, మూఢనమ్మకాన్ని, మార్పు పట్ల విముఖతను కారణాలుగా చూపడం పరిపాటి. అనేక సందర్భాలలో వాస్తవం ఇందుకు భిన్నంగా ఉంటుంది. రైతు సందేశాన్ని శ్రద్ధగానే వింటాడు. తన భాషకు, అనుభవానికి, ఆర్థిక పరిస్థితికి అన్వయించి దానికొక అర్థం కల్పించుకుంటాడు. ఆ అర్థం ప్రకారం సబబుగానే ప్రవర్తిస్తాడు. శాస్త్రవేత్త ఉద్దేశించిన అర్థం, రైతు గ్రహించిన అర్థం ఒకటి కాకపోవడమే అక్కడి అసలు సమస్య. ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడుతుందో, దానిని క్షేత్రస్థాయిలో ఎలా గుర్తించి తగ్గించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇరాక్ విత్తన విషాదం

సందేశం పంపినంత మాత్రాన అర్థం చేరదనడానికి వ్యవసాయ చరిత్రలో అత్యంత విషాదకరమైన నిదర్శనం ఇరాక్‌లో 1971-72లో లభించింది. వర్షాభావంతో పంటలు దెబ్బతిన్న తరువాత ఆ దేశం అధిక దిగుబడినిచ్చే గోధుమ విత్తనాన్ని, దానితోపాటు బార్లీ విత్తనాన్ని పెద్ద ఎత్తున దిగుమతి చేసుకొంది. శిలీంధ్రాల నుంచి రక్షణ కోసం ఆ విత్తనానికి మిథైల్ మెర్క్యురీ సమ్మేళనం పట్టించారు. తినే ధాన్యంతో కలిసిపోకుండా రంగు కూడా అద్దారు. సంచులపై హెచ్చరికలు ముద్రించారు. పుర్రె, ఎముకల గుర్తు వేశారు. పంపినవారి దృష్టిలో హెచ్చరిక సంపూర్ణంగానే ఉంది.

అయితే సంచులపై ఉన్న రాత స్పానిష్, ఆంగ్ల భాషలలో ఉంది. పుర్రె గుర్తుకు విషమన్న అర్థం ఇరాక్ పల్లె జనానికి పరిచితం కాదు. చాలాచోట్ల విత్తనాలు వేసే అదను దాటిన తరువాత సంచులు చేరాయి. ఇంట్లో తిండిగింజలకు కొరత ఉంది. కొందరు ధాన్యాన్ని నీటితో కడిగారు. రంగు పోవడంతో విషం కూడా పోయిందని భావించారు. మరికొందరు ముందుజాగ్రత్తగా కోళ్ళకు, పశువులకు పెట్టి కొద్దిరోజులు పరిశీలించారు. వాటికి వెంటనే ఏ హానీ కలగకపోవడంతో నిశ్చింతగా రొట్టెలు చేసుకొన్నారు. మిథైల్ మెర్క్యురీ విష లక్షణాలు కొన్ని వారాల తరువాత గాని బయటపడవు. ఫలితంగా 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆసుపత్రులలోనే 459 మంది మరణించినట్లు నమోదైంది. అదే దేశంలో 1956లోను, 1960లోను ఇటువంటి విషప్రభావమే చిన్న స్థాయిలో సంభవించింది.

ఇక్కడ రైతులు నిర్లక్ష్యం వహించలేదన్నది గమనించదగిన విషయం. వారు ధాన్యాన్ని కడిగారు, పరీక్షించారు, ఫలితం చూశారు. తమకున్న జ్ఞానం పరిధిలో ఒక ప్రయోగమే చేశారు. రంగు పైపూత మాత్రమేనని, విషం గింజలోనే నిలిచి ఉంటుందని, ఆలస్యంగా పనిచేస్తుందని తెలిపే సమాచారం ఒక్కటే వారికి అర్థమయ్యే రూపంలో అందలేదు.

ఈ ఉదంతం తెలుగు విస్తరణ సాహిత్యానికి ఒక ప్రశ్న వేస్తుంది. విత్తనానికి శిలీంధ్రనాశిని, కీటకనాశిని పట్టించే ప్రక్రియను తెలుగులో ‘విత్తన శుద్ధి’ అంటారు. శాస్త్ర పరిభాషలో ఈ పదం స్థిరపడిపోయింది. వాడుక భాషలో మాత్రం ‘శుద్ధి’ అంటే మలినం తొలగించడం, పవిత్రం చేయడం. శుద్ధి చేసిన నీరు తాగదగినది, శుద్ధి చేసిన నూనె వంటకు పనికివచ్చేది. శుద్ధి చేసిన విత్తనం అలాంటిది కాదు. అది విషం పట్టించిన విత్తనం. వేరుశనగ, శనగ వంటి పంటలలో విత్తగా మిగిలిన గింజ ఇంటికి చేరే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల ఈ పదం వాడిన ప్రతి చోటా ‘శుద్ధి చేసిన విత్తనం కడిగినా తినడానికి, పశువులకు, కోళ్ళకు పెట్టడానికి పనికిరాదు’ అన్న వాక్యం వెంట ఉండడం అవసరం.

అర్థం ఉండే చోటు

భావ ప్రసార శాస్త్రం ఈ సమస్యను చాలాకాలంగా చర్చిస్తున్నది. డేవిడ్ బెర్లో 1960లో ప్రతిపాదించిన నమూనాలో ప్రేషకుడు, సందేశం, మాధ్యమం, గ్రహీత అనే నాలుగు అంగాలు ఉన్నాయి. విస్తరణ విద్యార్థులందరికీ ఈ నమూనా పరిచితమే. అయితే అందులో ప్రేషకునికి, గ్రహీతకు ఇద్దరికీ సమానంగా ఐదు అంశాలు వర్తిస్తాయన్న సంగతి తరచు మరుగున పడుతుంది. అవి భావ ప్రసార నైపుణ్యం, దృక్పథం, జ్ఞానం, సామాజిక వ్యవస్థ, సంస్కృతి. గ్రహీతకు ఒక సంస్కృతి ఉన్నట్లే శాస్త్రవేత్తకు కూడా ఒక సంస్కృతి ఉంది. హెక్టారు, మిల్లీలీటరు, శాతం, సగటు అనేవి ఆ సంస్కృతికి చెందిన మాటలు. అర్థాలు మాటలలో కాక మనుషులలో ఉంటాయన్నది బెర్లో వాదన సారం.

స్టువర్ట్ హాల్ 1973లో ఈ ఆలోచనను మరొక మెట్టు ముందుకు తీసుకువెళ్ళాడు. ఆయన ప్రకారం సందేశాన్ని కూర్చడం ఒక క్రియ, దానిని విడదీసి గ్రహించడం మరొక క్రియ. గ్రహించేవారు సందేశాన్ని ఉద్దేశించిన అర్థంలోనే స్వీకరించవచ్చు, తమ పరిస్థితికి తగినట్లు కొంత స్వీకరించి కొంత సవరించవచ్చు, లేదా పూర్తిగా వ్యతిరేకార్థంలో గ్రహించవచ్చు.

‘యూరియా వాడకం తగ్గించండి’ అన్న సిఫార్సును ఉదాహరణగా తీసుకోవచ్చు. భూసార పరీక్ష ఫలితం చేతిలో ఉన్న రైతు దీనిని ఖర్చు తగ్గించే సలహాగా గ్రహించవచ్చు. మరొకరు ‘మాట నిజమే గాని మా తేలిక నేలకు ఆ మోతాదు చాలదు’ అని సవరించుకోవచ్చు. యూరియా కోసం దుకాణాల ముందు బారులు తీరిన రోజులలో ఇదే మాట వినిపిస్తే ‘సరఫరా చేయలేక చెబుతున్న సాకు’ అన్న అర్థం కూడా రావచ్చు. మూడు సందర్భాలలోను వాక్యం ఒక్కటే. విన్న సమయం, విన్నవారి స్థితి అర్థాన్ని నిర్ణయించాయి.

మాటలు మోసుకువచ్చే అర్థాలు

తెలుగు వ్యవసాయ వ్యవహారంలో అత్యంత విస్తృతార్థం గల మాట ‘మందు’. రోగికి ఇచ్చే ఔషధం మందు. చాలా ప్రాంతాలలో రసాయనిక ఎరువూ మందే. విత్తే ముందు వేసేది అడుగుమందు, తరువాత వేసేది పైమందు. పురుగుపై చల్లేది పురుగుమందు, కలుపుపై చల్లేది కలుపుమందు లేదా గడ్డిమందు. సారాయి, తుపాకీ మందు కూడా మందే. ఏ అర్థంలో వాడారన్నది పక్కనున్న క్రియ, మాట్లాడే చోటు తెలుపుతాయి. ‘మందు చల్లాడు’ అంటే ఎరువు వేశాడని, ‘మందు కొట్టాడు’ అంటే పొలంలో పిచికారి చేశాడని, అదే మాట మరొక చోట వింటే తాగాడని అర్థం చేసుకొంటారు.

వాడుకలో ఈ మాట వల్ల గందరగోళం ఏర్పడడం అరుదు. సమస్య ఆ మాట వెంట వచ్చే భావనతో ఏర్పడుతుంది. మందు అనేది జబ్బు నయం చేసేది, మేలు కలిగించేది. జబ్బు రాకముందే వేసుకొంటే మరీ మంచిది. ఒకటి పనిచేయకపోతే రెండు కలిపి వేయవచ్చు. వేసే చేతికి దాని వల్ల హాని ఉండదు. ఔషధం విషయంలో జనసామాన్యంలో ఉన్న ఈ భావనలు పురుగుమందుకు యథాతథంగా బదిలీ అయితే ముందుజాగ్రత్త పిచికారీలు, ఇష్టానుసారం మిశ్రమాలు, చేతి తొడుగులు లేకుండా కలపడం సహజమైన పనులుగానే తోస్తాయి. ‘పురుగుమందులను విచక్షణతో వాడాలి’ అన్న సందేశం ఆ భావనను తాకదు. భద్రతకు సంబంధించిన సందేశాలలోనైనా ‘ఇది విషం’ అన్న మాటను నేరుగా వాడడం ఇందుకే అవసరం.

‘దోమ’ మరొక ఉదాహరణ. మనుషులను కుట్టేది దోమ. వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ ఉన్నాయి. ఇవి వేర్వేరు కీటకాలు. వీటి నివారణ పద్ధతులు కూడా వేరు. దుకాణంలో ‘దోమకు మందు ఇవ్వండి’ అని అడిగినప్పుడు ఈ భేదం చెరిగిపోతుంది. వరిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడితే సుడిదోమ తగ్గకపోగా తిరిగి విజృంభిస్తుందని శాస్త్రవేత్తలకు తెలుసు. ఒక పదంలోని అస్పష్టత పొలంలో పంటనష్టంగా పరిణమించే తీరు ఇది.

ఇందుకు భిన్నంగా కొన్ని పేర్లు సందేశాన్ని తేలికగా చేరుస్తాయి. వరిలో పొట్ట దశ, ఈనిక దశ, పాలు పోసుకొనే దశ అన్న మాటలు గ్రామీణ జీవితానుభవం నుంచి పుట్టినవి కనుక వివరణ అక్కరలేదు. ప్రకృతి వ్యవసాయంలోని జీవామృతం, బీజామృతం, నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం వంటి పేర్లు త్వరగా నాటుకొనడానికి కారణం కూడా అవి సాంస్కృతిక స్మృతిని ఆధారం చేసుకోవడమే. అయితే అమృతం అన్న పేరుకు మోతాదు, పరిమితి అన్న భావనలు ఉండవు. అస్త్రం అన్న పేరుకు వైఫల్యం ఉండదు. పేరు ఎంత ఆకర్షణీయమైతే మోతాదును, సమయాన్ని, ఫలిత పరిమితులను అంత స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

కొలతలు, కాలమానం

అంకెలకు సందర్భంతో పనిలేదని, అవి అందరికీ ఒకే అర్థం ఇస్తాయని భావించడం సాధారణం. క్షేత్రంలో ఇది నిలవదు. ‘ఎకరానికి ఒక బస్తా యూరియా’ అన్న వాడుకను పరిశీలిస్తే, 50 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున 23 కిలోల నత్రజని ఉండేది. 2018లో యూరియా బస్తా పరిమాణాన్ని 45 కిలోలకు తగ్గించిన తరువాత అదే బస్తాలో 20.7 కిలోల నత్రజని మాత్రమే ఉంటుంది. డి.ఎ.పి. బస్తా 50 కిలోలుగానే కొనసాగుతున్నది. కోస్తా డెల్టాలో ధాన్యం దిగుబడిని చెప్పే బస్తా సాధారణంగా 75 కిలోలు. మాట మారకుండా పరిమాణం మారుతున్నప్పుడు బస్తాలలో చెప్పి ఊరుకోవడం గాని, కిలోలలో చెప్పి ఊరుకోవడం గాని చాలదు. రెండింటినీ జతచేసి చెప్పాలి. విస్తీర్ణం విషయంలోనూ అంతే. ఎకరం ఆంధ్ర ప్రాంతంలో 100 సెంట్లుగా, తెలంగాణలో 40 గుంటలుగా లెక్కకు వస్తుంది. హెక్టారు ఈ రెండు లెక్కలకూ వెలుపలిదే.

పిచికారీ మోతాదులో ఈ సమస్య మరింత తీవ్రం. ‘లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి ఎకరానికి 200 లీటర్ల ద్రావణం పిచికారి చేయాలి’ అన్న సిఫార్సులో ఎకరానికి 400 మి.లీ. మందు ఇమిడి ఉంది. రైతు లెక్క లీటర్లలో కాక ట్యాంకులలో ఉంటుంది. 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ. చొప్పున కలిపి ఎకరానికి ఎనిమిది ట్యాంకులతో సరిపెడితే పొలంలో పడేది 128 లీటర్ల ద్రావణం, అందులో 256 మి.లీ. మందు. గాఢత సరిగానే ఉన్నా మోతాదు మూడింట రెండు వంతులకు కూడా చేరదు. పురుగు చావకపోతే ‘మందు పనిచేయలేదు’ అన్న నిర్ధారణకు వచ్చి మరింత గాఢమైన మందు కోసం వెళతారు. ‘ట్యాంకుకు 32 మి.లీ., ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు’ అని చెబితే ఈ పొరపాటుకు అవకాశం తగ్గుతుంది.

వాతావరణ సూచనలలోని పదాలు వాడుక మాటలుగా కనిపించే సాంకేతిక పదాలు. భారత వాతావరణ శాఖ పరిభాషలో 24 గంటలలో 15.6 నుంచి 64.4 మి.మీ. వరకు కురిసే వర్షం ‘మోస్తరు’ వర్షం. 16 మి.మీ. వాన పడినా, 60 మి.మీ. పడినా సూచన ఒక్కటే. మెట్ట రైతు దృష్టిలో మొదటిది దుమ్ము అణచే వాన, రెండవది విత్తనం వేయించే వాన. రైతు వానను మిల్లీమీటర్లలో కొలవడు. మట్టి తవ్వి బెత్తెడు తడిసిందా, జానెడు తడిసిందా అని చూస్తాడు, పదును అయిందా లేదా అని నిర్ణయించుకొంటాడు. వర్షపాతాన్ని స్థానిక నేలలో తడి దిగే లోతుతో ముడిపెట్టి చెప్పగలిగితే సూచన సలహాగా మారుతుంది.

కాలం విషయంలో రెండు పంచాంగాల భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఏరువాక పున్నమి వంటి చాంద్రమాన తిథులు ఆంగ్ల తేదీలతో పోల్చినప్పుడు ఏటేటా ముందుకు వెనుకకు జరుగుతాయి. వాటిని విత్తే తేదీలకు ఆధారం చేయడం కష్టం. కార్తెలు అలా కావు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో సుమారు 13-14 రోజులు ఉండడాన్ని బట్టి ఏర్పడినవి కనుక ఒక రోజు అటూ ఇటూగా ఏటా అదే తేదీకి వస్తాయి. రోహిణి సుమారు మే 25న, మృగశిర జూన్ 8న, ఆరుద్ర జూన్ 22న, పునర్వసు జూలై 6న ప్రవేశిస్తాయి. ‘జూన్ నాలుగవ వారం’ అన్న సిఫార్సును ‘ఆరుద్ర కార్తె తొలి వారం’ అని చెప్పడంలో శాస్త్రీయతకు లోటు రాదు. రుతువుల పేర్లు కూడా ప్రాంతాన్ని బట్టి మారుతాయి. ఖరీఫ్, రబీ అన్నవి కార్యాలయ పదాలు. తెలంగాణలో వానాకాలం, యాసంగి అంటారు. డెల్టా రైతుకు సార్వా, దాళ్వా అన్న మాటలే సహజం.

రంగులు, చిహ్నాలు

అక్షరం రానివారికి బొమ్మ తేలికగా అర్థమవుతుందన్న అభిప్రాయం విస్తరణ రంగంలో బలంగా ఉంది. బొమ్మలకు, రంగులకు కూడా ఒక భాష ఉంటుందని, దానినీ నేర్చుకోవలసి ఉంటుందని ఇరాక్ అనుభవం తెలిపింది. పుర్రె గుర్తు తెలుగు గ్రామాలలో అంత అపరిచితం కాదు. విద్యుత్ స్తంభాలపై, ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద దానిని చూసి అపాయమన్న అర్థం చాలామంది నేర్చుకొన్నారు. అంటే ఆ అర్థం బొమ్మలోంచి పుట్టలేదు, అనుభవం నుంచి వచ్చింది.

1971 నాటి కీటకనాశకాల నిబంధనల ప్రకారం పురుగుమందు లేబుల్‌పై వజ్రాకృతిలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది త్రిభుజం రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్ప విషపూరితం. పుర్రె గుర్తు మొదటి వర్గానికి మాత్రమే ఉంటుంది. ఈ వరుసను శాస్త్రవేత్త చూసే తీరు వేరు, రైతు చూసే తీరు వేరు. తెలుగువారి జీవితంలో పసుపు శుభానికి, ఆరోగ్యానికి గుర్తు. గడపకు పూసేది, గాయానికి అద్దేది పసుపు. రహదారి కూడలిలో పసుపుపచ్చ దీపం ‘నెమ్మది’ అని మాత్రమే చెబుతుంది. నీలానికి అక్కడ స్థానమే లేదు. ఇక ఆకుపచ్చ పైరు రంగు, దారి ఇచ్చే దీపం రంగు. ఆకుపచ్చ త్రిభుజాన్ని ‘విషం లేదు’ అనో, ‘పచ్చని పైరుకు మంచిది’ అనో చదువుకొనే వీలు ఉంది. నాలుగు రంగులూ విషాన్నే సూచిస్తాయని, తేడా తీవ్రతలో మాత్రమేనని విడిగా చెప్పనిదే లేబుల్ తన పని పూర్తిగా చేయలేదు.

విశ్వాసాల చట్రం

ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన ‘డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్’ గ్రంథం ద్వారా ప్రసిద్ధమైన పెరూ దేశపు ఉదంతం ఇక్కడ ప్రస్తావించదగినది. లోస్ మోలినోస్ అనే గ్రామంలో సుమారు 200 కుటుంబాలు ఉండేవి. తాగునీటిని కాచి తాగాలని ఆరోగ్య కార్యకర్త రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి బోధించింది. కొత్తగా మారినవారు 11 మంది గృహిణులు మాత్రమే. స్థానిక విశ్వాసం ప్రకారం ఆహార పదార్థాలన్నీ ‘వేడి’, ‘చల్లన’ అని రెండు రకాలు. కాచిన నీరు రోగులకు ఉద్దేశించినది. ఆరోగ్యవంతుడు కాచిన నీరు తాగితే రోగినని ఒప్పుకొన్నట్లే. సూక్ష్మజీవుల గురించిన బోధ ఆ చట్రంలో ఎక్కడా ఇమడలేదు.

వేడి చేసేవి, చలువ చేసేవి అన్న విభజన తెలుగు ఇళ్ళలోనూ నిత్య వ్యవహారమే. పొలంలో కూడా అది వినిపిస్తుంది. కోళ్ళ ఎరువు ‘వేడి’ అని, పైరును మాడుస్తుందని రైతులు అంటారు. పచ్చి కోళ్ళ ఎరువు నుంచి వెలువడే అమ్మోనియా లేత వేళ్ళకు హాని చేస్తుందన్న శాస్త్రీయ వాస్తవానికి ఇది దగ్గరగానే ఉంది. ‘బాగా మాగితే వేడి తగ్గుతుంది, అప్పుడు వేయండి’ అన్న మాట స్థానిక భావనను కాదనకుండానే సరైన ఆచరణకు దారితీస్తుంది.

అన్ని విశ్వాసాలూ ఇంత అనుకూలంగా ఉండవు. వరిలో గింజల స్థానంలో పసుపు, ముదురు ఆకుపచ్చ రంగు ఉండలు ఏర్పడే మానిపండు తెగులును దేశంలో పూర్వం ‘లక్ష్మీ తెగులు’ అని పిలిచేవారు. అది కనిపించిన ఏడు పంట బాగా పండుతుందని నమ్మేవారు. నత్రజని సమృద్ధిగా ఉండి, పూత దశలో తేమ ఎక్కువగా ఉన్న ఏపైన చేలలో ఈ తెగులు ఎక్కువగా రావడమే ఆ నమ్మకానికి మూలం కావచ్చు. రెండు విషయాలు కలిసి కనిపించాయన్న పరిశీలన సరైనది, తెగులు వల్ల పంట పండుతుందన్న అన్వయం సరికాదు. విస్తరణ సందేశం పరిశీలనను గౌరవించి అన్వయాన్ని సవరించాలి. లక్ష్మీప్రదమని భావించిన దానిని ‘తెగులు’ అని కొట్టిపారేస్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

సామాజిక, ఆర్థిక సందర్భం

భాష, విశ్వాసం ఒకటే అయినా స్థితిగతులను బట్టి అర్థం మారుతుంది. ‘జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట పైర్లు వేసి భూసారం పెంచండి’ అన్న సందేశం భూమి సొంతదారుకు పెట్టుబడి సలహా. వచ్చే ఏడు అదే చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతుకు అది మరొకరి భూమికి చేసే సేవ. అతను ఆచరించకపోవడం అవగాహనా లోపం కాదు. అర్థం చేసుకొన్నందువల్లే ఆచరించలేదు.

‘పురుగు ఆర్థిక నష్ట పరిమితి స్థాయి దాటే వరకు పిచికారి చేయవద్దు’ అన్న సిఫార్సు కూడా ఇటువంటిదే. అప్పు తెచ్చి పంట పెట్టిన కుటుంబానికి వేచి చూడడం పొదుపుగా కాక పంటను గాలికి వదిలేయడంగా తోస్తుంది. ఊరిలో పిచికారి చేయడం శ్రద్ధగల రైతు లక్షణంగా చూసే చోట, చేయనివాడు నలుగురిలో మాట పడవలసి వస్తుంది. ఈ సందేశం ఒక్కొక్క రైతుకు విడివిడిగా చెప్పేకంటే ఒక ఆయకట్టు రైతులందరూ కలిసి చేలలో పురుగులు లెక్కించే పద్ధతిలో చెబితే వేచి ఉండడానికి సామూహిక ఆమోదం లభిస్తుంది.

సంబోధన కూడా సందేశంలో భాగమే. ‘రైతు సోదరులారా’ అన్న పిలుపు మహిళలను వినేవారి జాబితా నుంచి తొలగిస్తుంది. కలుపు తీసేది, పత్తి ఏరేది, చాలా ఇళ్ళలో మందు కలపడానికి నీళ్ళు మోసేది, పిచికారి చేసినవారి బట్టలు ఉతికేది మహిళలు. ఆ బట్టలను వేరుగా ఉతకాలన్న హెచ్చరిక పురుషుల సదస్సులో మాత్రమే చెబితే చేరవలసిన చెవికి చేరనట్లే.

చివరిగా, సమాధానాల అర్థం. మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో సంస్కృతులను వివరిస్తూ, కొన్ని సమాజాలలో అర్థం చాలావరకు మాటలలోనే ఉంటుందని, మరికొన్నింటిలో సంబంధం, స్థానం, మౌనం కూడా అర్థాన్ని మోస్తాయని పేర్కొన్నాడు. తెలుగు పల్లెలో అధికారి ‘అర్థమైందా?’ అని అడిగితే వచ్చే ‘అయిందండీ’ అన్న జవాబు చాలాసార్లు గౌరవ సూచకమే. ‘అలాగేనండి’ అంటే విన్నామని, ‘చూద్దాంలెండి’ అంటే మర్యాదగా కాదన్నామని అర్థం. పెద్దమనిషి ముందు, నలుగురి మధ్య ‘నాకు అర్థం కాలేదు’ అనడం అడిగినవారిని నొప్పించడంగాను, తనను తాను తక్కువ చేసుకోవడంగాను భావిస్తారు. ఇటువంటి జవాబులను అంగీకారంగా నమోదు చేస్తే నివేదిక అంకెలు పెరుగుతాయి గాని పొలంలో మార్పు రాదు.

క్షేత్రస్థాయి ఆచరణకు సూచనలు

మొదటిది, తిరిగి చెప్పించడం. ‘అర్థమైందా?’ అనే బదులు ‘ఇంటికి వెళ్ళి ఈ సంగతి మీవాళ్ళకు ఎలా చెబుతారు?’ అని అడగాలి. మోతాదు విషయమైతే ఖాళీ ట్యాంకు, కొలపాత్ర ఇచ్చి నీటితో చేసి చూపమనాలి. తప్పు దొర్లితే అది సందేశంలోని లోపంగా పరిగణించాలి.

రెండవది, ముందస్తు పరీక్ష. కరపత్రం, గోడపత్రిక, శ్రవణ సందేశం ఏదైనా అచ్చుకు, ప్రసారానికి ముందు పదిమందికి చూపి లేదా వినిపించి ఏమి గ్రహించారో తెలుసుకోవాలి. ఆ పదిమందిలో మహిళలు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు ఉండాలి. బొమ్మలను రాత లేకుండా విడిగా చూపి పరీక్షించాలి.

మూడవది, స్థానిక పదకోశం. ప్రతి మండలంలో పురుగులకు, తెగుళ్ళకు, పైరు దశలకు, కొలతలకు వాడుకలో ఉన్న మాటలను సేకరించి శాస్త్రీయ పదాలతో జతచేయాలి. ఒకే మాట రెండు వేర్వేరు పురుగులను సూచించే చోట్లను ప్రత్యేకంగా గుర్తించాలి. కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు, గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్ళే విద్యార్థులు ఈ పనిని తేలికగా చేయగలరు.

నాలుగవది, ఆచరించగలవారెవరో గుర్తించడం. సందేశం రాసే ముందు ఈ పని ఎవరి చేతి మీదుగా జరుగుతుంది, ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. మూడూ ఒకే వ్యక్తికి చెందనప్పుడు ఒకే సందేశం సరిపోదు.

ఐదవది, పరిశోధన పద్ధతిలో మార్పు. ఆచరణ స్థాయిపై చేసే అధ్యయనాలు ప్రతిస్పందకులను ‘పూర్తిగా ఆచరించారు, పాక్షికంగా ఆచరించారు, ఆచరించలేదు’ అని విభజిస్తాయి. సిఫార్సును ఏమని అర్థం చేసుకొన్నారో వారి మాటలలోనే నమోదు చేసే ఒక ప్రశ్నను చేర్చితే, తప్పుగా గ్రహించి ఆచరించనివారిని, సరిగా గ్రహించి కూడా ఆచరించలేనివారిని వేరు చేయవచ్చు. మొదటి వర్గానికి కావలసింది మెరుగైన సందేశం. రెండవ వర్గానికి కావలసింది పరపతి, కౌలు భద్రత, కూలీల లభ్యత వంటి పరిస్థితుల మార్పు. ఈ రెండింటినీ కలిపి ‘అవగాహన లోపం’ అని రాసినప్పుడు పరిష్కారం కూడా తప్పుదారి పడుతుంది.

ముగింపు

సంస్కృతిని సందేశానికి అడ్డంకిగా చూడడం విస్తరణలో పాత అలవాటు. గ్రహీత ఏ సందేశాన్నయినా తనకు తెలిసిన భాష, అనుభవం, స్థితిగతుల సాయంతోనే గ్రహించగలడు కనుక సంస్కృతి లేని గ్రహణం అంటూ ఉండదు. శాస్త్రవేత్త చేయగలిగింది ఆ అర్థం ఏమిటో ముందుగా తెలుసుకొని, దానికి తగినట్లు మాటను, కొలతను, గుర్తును, సమయాన్ని ఎంచుకోవడం. ఇందుకు పెద్ద వ్యయం అవసరం లేదు. కరపత్రం అచ్చుకు పంపే ముందు పదిమందితో గడిపే ఒక పూట చాలు. విత్తన సంచిపై రాసిన హెచ్చరిక ఇంట్లో గింజలు చెరిగే మనిషికి ఏమని అర్థమైందో అడిగి తెలుసుకొన్న తరువాతే ఆ హెచ్చరిక ఇచ్చినట్లు లెక్క.